ఇరుకు అక్షరాల టీచరమ్మ

అబిడ్స్ పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నాంపల్లిలో మా షాపు దాకా నడిచి వస్తుంటే టీచరమ్మ నాకు నాలుగైదు చోట్ల ఎదురవుతుంది. పోయి ఏడాది కావస్తోంది, అయినా రోడ్డు వదల్లేదు. లేడీస్ హాస్టల్ బోర్డు మీద ఒకసారి, పచ్చళ్ళ కొట్టు షట్టర్ మీద ఒకసారి, "కుక్క ఉంది జాగ్రత్త" అన్న గేటు మీద ఇంకోసారి. మొన్న సోమవారం మా సందు మొదట్లో గోడకి కొత్తగా సున్నం కొట్టారు. "ఇచ్చట మూత్రము పోయరాదు" అన్న పాత రాత ఆ సున్నం కింద పోయింది. అయ్యో అనుకున్నాను. మర్నాడు చూస్తే పెయింటరెవరో మళ్ళీ అవే అక్షరాలు, అదే లావు, అవే వంపులు, అచ్చు గుద్దినట్టు దించి పెట్టాడు. అక్కడే నిలబడి నవ్వుకున్నాను. అలాంటి గోడ ముందు నిలబడి నవ్వే మనిషిని చూసి దారిన పోయేవాళ్ళు ఏమనుకున్నారో నేను అడగలేదు.

ఆ అక్షరాలు టీచరమ్మ గీసినవి. నిలువుగా, ఇరుగ్గా, లావుగా ఉంటాయి. సింగారాలేమీ ఉండవు. నాది ఫ్లెక్సులు, బోర్డులు, శుభలేఖలు చేసే షాపు. ఆవిడ ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైంది కాబట్టి మాకు టీచరమ్మ. అసలు పేరు షాపులో ఎవరూ వాడలేదు. వాళ్ళ అక్కయ్యగారు కూడా "ఏమే" అనేవారే తప్ప పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. అక్కయ్యగారికి "గారు" దానంతటదే వస్తుంది. టీచరమ్మకి తగిలిద్దామంటే నాకే నవ్వొస్తుంది.

ఆవిడ మా షాపులోకి కొట్లాటతో వచ్చింది. వాళ్ళ కాలనీ మహిళా సంఘం ఫ్లెక్సు మాకు ఇచ్చారు. మా పనిలో ఒక చట్టముంది, ఎక్కడా రాసి ఉండదు. ఫ్లెక్సులో కమిటీవాళ్ళ పేర్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. అధ్యక్షురాలి పేరు ఒక పిసరు ఎత్తుగా కనబడిందా, కార్యదర్శి అలిగి ఇంటికి వెళ్ళిపోతుంది. ఎత్తు అందరిదీ ఒకటే అన్నప్పుడు పొడుగు పేరు డబ్బాలో పట్టదు. దానికి మా దగ్గర మందుంది. కంప్యూటర్లో పేరు పక్కన చిన్న చుక్క కనిపిస్తుంది. మౌస్‌తో ఆ చుక్కని పట్టుకుని లోపలికి తోస్తే ఎంత పేరైనా నలిగి ఒదిగిపోతుంది. హైదరాబాదు ఫ్లెక్సులన్నీ ఆ చుక్క మీదే నడుస్తున్నాయంటే తప్పులేదు.

నేను చుక్కని తోస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావు?"

"పేరు వడ్తలేదమ్మా. జర నొక్కుతున్న."

"నొక్కడానికి అదేమన్నా బత్తాయికాయా? అది మా అక్క!"

తిరిగి చూస్తే పొట్టిగా, గుండ్రంగా, భుజానికి పెద్ద గుడ్డ సంచితో ఒకావిడ. పక్కన తలుపు చెక్కంత సన్నగా, పొడుగ్గా, బిడియంగా నిలబడ్డ పెద్దావిడ. ఆ పెద్దావిడ పేరు వెంకట సత్యసూర్య మహాలక్ష్మి. నా నొక్కుడికి నిలువు గీతలన్నీ తీగల్లా చిక్కిపోయాయి, అడ్డగీతలు మాత్రం లావు తగ్గకుండా అలాగే ఉన్నాయి. మహాలక్ష్మి జ్వరంపడి లేచినట్టుంది.

"సన్నగా ఉండడం వేరు, నలిగిపోవడం వేరు. చూడు, దాని కడుపులో గాలాడుతోందా?" అంది చిన్నావిడ.

"మరి ఏం చేద్దామంటరు?"

"పుట్టుకతోనే ఇరుగ్గా ఉండే అక్షరం వెయ్యి."

"తెలుగుల గసొంటిది నా తాన లేదమ్మా."

"లేకపోతే నేను గీసుకొస్తాను."

"పోనీలేవే, ఎప్పటిలాగే పొడి అక్షరాలు వేయించు" అన్నారు అక్కయ్యగారు. ఆవిడకి అలవాటే. బడి సర్టిఫికెట్ నుంచి గ్యాసు పుస్తకం దాకా ఆవిడ పేరు ఎక్కడా పూర్తిగా పడలేదట. ఒకచోట తల పోతుంది, ఒకచోట తోక పోతుంది. ఆ సారికి వి.ఎస్.ఎస్. లక్ష్మి అని వేసి పంపించాను. గీసుకొస్తానన్నది బెదిరింపేననుకున్నాను. మళ్ళీ వారం గ్రాఫు కాగితాల కట్టతో దిగింది. ఆ తర్వాత ఇక పోలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేది. అది నా స్టూలు. మళ్ళీ నాకు దక్కలేదు.

ఆ పేరు కథ ఆవిడే చెప్పింది. వాళ్ళ నాన్నగారు యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డారు. మొదటి పిల్ల పుడితే అటు అమ్మమ్మ, ఇటు నాయనమ్మ, ఇలవేల్పులు అందరినీ కలిపి ఆ పిల్లకే తగిలించారు. "నేను పుట్టేసరికి ముసలమ్మలూ అయిపోయారు, దేవుళ్ళూ అయిపోయారు. నాకు రెండక్షరాలు మిగిలాయి. నన్ను అగ్గిపెట్టె మీద కూడా రాయొచ్చు" అనేది.

ఆవిడకి కావలసింది ఒక్కటే. అక్క పేరు ఒక్క ముక్క విరగకుండా, ఒకే వరసలో, మిగతావాళ్ళ ఎత్తులోనే పడాలి. రోడ్డు అవతల నుంచి ముక్కూ మొహం తెలియనివాడు కూడా చదవగలగాలి. అక్క డెబ్భైకి దగ్గరపడుతోందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆ పేరు పూర్తిగా చూసుకోకుండానే పోతుందని తొందర. తాను అక్క కన్నా ముందు పోవచ్చునన్న లెక్క ఆ తలకి ఎన్నడూ తోచలేదు.

మనిషి చూస్తే విశాలం, గీసేది ఇరుకు అక్షరం. ఈ మాట ఎదురుగానే అన్నాను. పగలబడి నవ్వి, "అందుకే నాకు తెలుసయ్యా, ఇరుకులో సర్దుకోవడమంటే ఏమిటో" అని లేచి చేసి చూపించింది. కోఠి బస్సులో ఆఫీసుల వేళ ఎలా నిలబడాలో. మోచేతులు లోపలికి, వీపు నిటారుగా, తల పైకి. "ఇదీ అక్షరం. పక్కవాళ్ళకి తగలకూడదు, తను ఊపిరాడక చావకూడదు. అర్థమైందా?" ఆ భంగిమలో ఉండగానే ఒక గిరాకీ వచ్చి, ఇది యోగా క్లాసా అని అడిగి వెళ్ళాడు.

ఏ అక్షరాన్నైనా కళ్ళు సగం మూసి చూసేది. అలా చూస్తే అక్షరం మాయమై నలుపూ తెలుపూ మిగులుతాయట. నలుపు ఎక్కడన్నా గడ్డకట్టిందా, తెలుపు ఎక్కడన్నా ఎక్కువైందా తెలిసిపోతుందట. పోనుపోను అది అలవాటైపోయి మనుషుల్ని కూడా అలాగే చూసేది. శుభలేఖ కోసం వచ్చిన ఒక పెళ్ళికొడుకు, ఈవిడ తనని అలా చూస్తోంటే భయపడి లేచి నిలబడ్డాడు. "కూర్చో నాయనా, నిన్ను కాదు. నీ చొక్కా మీద రాసింది చూస్తున్నా" అంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి ఆవిడతో వెళ్ళానంటే ఆ పూట గోవిందా. అందరూ వంగి పుస్తకాలు చూస్తారు, ఈవిడ వీపులు చూస్తుంది. లావు పుస్తకానికి వీపు వెడల్పు, సన్న పుస్తకానికి వీపు ఇరుకు. ఆ ఇరుకులో పేరు ఎలా పట్టించారన్నది ఆవిడ బాధ. ఒకసారి డీజిల్ ఇంజన్ల రిపేరు మీద ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని కదలదు. అమ్మేవాడు జాలిపడ్డాడు.

"అమ్మా, మీకు ఇంజన్ ఎందుకు? వంటల పుస్తకాలు గీడున్నయి చూడు."

"ఇంజను ఎవడిక్కావాలయ్యా? ఆ అట్ట మీద అక్షరాలు చూడు. భుజం భుజం కలిపి ఎలా నిలబడ్డాయో!"

ఆ పుస్తకం కొన్నది. ఇంటికి పోతూ దారంతా నాకు పాఠం. "ఇంగ్లీషు అక్షరం పుట్టుకతోనే నిలువు, దాన్ని ఇరికించడం ఎవడైనా చేస్తాడు. మనవి పుట్టుకతో గుండ్రం. పైన గుడి, కింద వత్తు. మన పేర్లేమో పొడుగు, మన గోడలేమో ఇరుకు. ఎవరు సర్దుకోవాలి? అక్షరమే సర్దుకోవాలి."

"గంత లావెందుకు టీచరమ్మా, సన్నగ గీస్తే అయిపోతది కద?"

"ఈ ఊళ్ళో బోర్డు ముందు నిలబడి ఎవడన్నా చదువుతాడా? ఆటోలోంచి చదువుతారు, బస్సు మెట్టు మీద వేలాడుతూ చదువుతారు. అక్షరం గొంతెత్తాలి."

ఆవిడకి తెలియనిది లేదని మీరనుకుంటే పొరపాటు. మొదటిసారి మొత్తం అక్షరాలన్నీ గీసి తెచ్చినప్పుడు జరిగింది ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. ఇంగ్లీషులో ఇలాంటి సాదా అక్షరాలకి చివరల్లో ఉండే చిన్న గీతలు కత్తిరించేస్తారు. మరి మనవాటికి కత్తిరించాల్సినవి ఏమిటా అని ఈవిడ ఆలోచించి ఆలోచించి తలకట్లు కత్తిరించింది! క తలకట్టు, న తలకట్టు, ప తలకట్టు, అన్నీ సాఫు. చోటు బోలెడు మిగిలిందని మురిసిపోయింది. నాకేదో తేడాగా అనిపించింది గానీ, స్టూలే లాక్కున్న మనిషితో వాదనెందుకని ఊరుకున్నాను.

పరీక్ష పెట్టాలంది. మా షాపుకి ఎదురుగా ఇరానీ హోటలుంది. బయట నిలబడి చాయ్ తాగేవాళ్ళకి కొదవ లేదు. కాగితం మీద ఒక పేరు పెద్దగా ప్రింటు తీసి మా సగం దించిన షట్టర్‌కి అంటించింది. తను దాని పక్కన నిలబడింది. నన్ను రోడ్డు దాటించింది.

"అన్నా, గాడ ఏం రాసుందో జర చదువు" అన్నాను ఒకతనితో.

అతను చాయ్ ఊదుకుంటూ చూశాడు. "గది కన్నడం కదా?"

రెండో అతను కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నిన్నటిదాక మంచిగనే కనబడ్డయి భాయ్" అని తన కళ్ళనే అనుమానించాడు. మూడో అతను మర్యాదగా, "ఉర్దూ అయితే చదువుత" అన్నాడు.

నేను తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం వస్తుందనుకుంటే, స్టూలు మీద కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "గుండు కొట్టించేశానయ్యా వాటికి! తిరుపతి నుంచి వచ్చినట్టున్నాయి పాపం!" అని మళ్ళీ నవ్వింది. ఆ ముగ్గురికీ చాయ్ ఇప్పించి పంపింది. మళ్ళీ వారానికి తలకట్లు వెనక్కి వచ్చాయి, పొట్టిగా, నిటారుగా.

ఆ పరీక్ష తర్వాత మాకు అదే రివాజైపోయింది. ఒక్కో అక్షరం ఆవిడ గీయడం, నేను కంప్యూటర్లో దిద్దడం, షట్టర్‌కి అంటించడం, నేను రోడ్డు దాటడం. "గట్టిగా చదవమను, నాకు వినపడాలి!" అని అటునుంచి అరిచేది. వాళ్ళు సరిగ్గా చదివితే కండక్టర్ బస్సుని కొట్టినట్టు షట్టర్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్!" అనేది. తప్పు చదివితే కాగితం చింపేసేది. ఎవరెలా చదివినా వాళ్ళకి చాయ్ ఖాయం. హోటల్ ముందు జనం పెరిగారంటే నా వల్లనే అని ఆ హోటలాయన నన్ను చూసి ఇప్పటికీ సలాం కొడతాడు.

అన్నీ కుదిరాయి గానీ, లక్ష్మి దగ్గర ఆగింది. పైన గుడి, కింద ష, దాని కింద మ. లావుగా గీస్తే అంతా కలిసి నల్లటి ముద్ద అవుతోంది. వత్తులు కిందికి దించితే కింది వరస పేరు నెత్తిన ఎక్కి కూర్చుంటున్నాయి. చాయ్ తాగేవాళ్ళు నోట్లో ఏదో గొణిగి తల తిప్పుకుంటున్నారు. "వెంకట సత్యసూర్య మహా దాకా వచ్చి ఆగిపోయిందే నీ పేరు" అని అక్కయ్యగారితో చెప్పుకుని బాధపడింది. "చాలు లేవే, అంతవరకూ ఎప్పుడూ రాలేదు" అన్నారావిడ. ఆ మాటకి టీచరమ్మకి పౌరుషం వచ్చింది. కొన్నాళ్ళు షాపుకి రాలేదు. నాకు స్టూలు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చింది. "మ వత్తుని కింద నుంచి ఖాళీ చేయించాను. పక్కన చిన్న వాటా కిరాయికిచ్చా, చూసుకో" అని కాగితం పరిచింది. నిజమే. మ వత్తు కొంచెం పక్కకి జరిగి, పై అక్షరం నడుం దగ్గర ఉన్న సందులోకి ఒదిగి కూర్చుంది. దిద్దాను. అంటించాను. రోడ్డు దాటాను. కూరగాయల సంచితో పోతున్న ఒకామెని అడిగాను. ఆమె ఆగకుండానే, "వెంకట సత్యసూర్య మహాలక్ష్మి. ఎవరామె, ఎలక్షన్ల నిలవడ్తున్నదా?" అంది. అటు షట్టర్ మీద పడ్డ దెబ్బలకి షాపులో గోడ గడియారం కింద పడిందని తర్వాత తెలిసింది.

ఆ ఏడు సంఘం ఫ్లెక్సు మీద అక్కయ్యగారి పేరు నిండుగా పడింది. అధ్యక్షురాలి పేరు ఎంత ఎత్తో అంతే ఎత్తు. దాన్ని మా షట్టర్‌కి వేలాడదీసి, చూడ్డానికి రమ్మని టీచరమ్మ అక్కని చెయ్యి పట్టి హోటల్ దాకా లాక్కుపోయింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదువుకున్నారు. "అమ్మో! ఇంత పేరుందా నాకు!" అన్నారు. టీచరమ్మ ఆ పూట హోటల్ ముందున్నవాళ్ళందరికీ చాయ్ ఇప్పించింది.

తర్వాత ఆ అక్షరాలు పెన్‌డ్రైవ్ తెచ్చుకున్న ప్రతివాడికీ పంచడం మొదలుపెట్టింది.

"గిదేంది టీచరమ్మా, గింత కష్టపడి గిట్ల పంచుడేంది?"

"అక్షరం దాచుకోవడానికి అదేమన్నా బంగారమా? నలుగురి నోట్లో పడాలి."

ఒకటే షరతు. తీసుకునేవాడు చేతిలో చెయ్యి వేసి మాటివ్వాలి: నొక్కను, లాగను. పక్క షాపువాళ్ళు, బోర్డుల పెయింటర్లు, అందరిచేతా వేయించుకుంది. నాచేతా వేయించుకుంది. "నీమీదే నాకు ఎక్కువ అనుమానం" అని నా చేతిని ఇంకో రెండుసార్లు ఊపింది.

బయటివాళ్ళు మొదట వాడింది ఏ గుడి బోర్డుకో, పెళ్ళి మండపానికో అయితే బాగుండేది. మా సందు గోడకి పడింది. నేను చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆవిడే చూసి పరుగున వచ్చింది. "చదివి ఆగిపోతున్నారయ్యా! ఇందాక ఒకడు జిప్పు మీద చెయ్యేసి, చదివి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అదీ అక్షరం బలమంటే!" వెంటనే అక్కయ్యగారిని కూడా తీసుకొచ్చింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూశారు.

"నీ పేరు కోసం గీసిన అక్షరమే అక్కా!"

"ఇంకెక్కడా చోటు దొరకలేదుటే దానికి?"

పోయిన ఎండాకాలంలో టీచరమ్మ పోయింది. పెద్దగా బాధపడలేదు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. అంత గోల చేసే మనిషి చప్పుడు లేకుండా ఎలా వెళ్ళిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యం, కొంచెం కోపం కూడా.

దినానికి ముందు అక్కయ్యగారు షాపుకి వచ్చారు, ఒక్కరే. గేటుకి కట్టడానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సు కావాలన్నారు. ఫొటో ఇచ్చారు. అందులోనూ టీచరమ్మ కళ్ళు సగం మూసి, ఫొటో తీసేవాడి చొక్కా చదువుతున్నట్టుంది. కాగితం మీద పేరు రాసిచ్చారు. ఏ అక్షరాలు వెయ్యాలో అడగాల్సిన పనిలేదు. టైపు చేశాను.

అప్పుడు తెలిసింది ఇబ్బంది. అంత వెడల్పు ఫ్లెక్సు మధ్యలో రెండే రెండు ఇరుకు అక్షరాలు నిలబడ్డాయి. అటు బోలెడు ఖాళీ, ఇటు బోలెడు ఖాళీ. పొడుగు పేరు కోసం పుట్టిన అక్షరం, సొంత పేరుకి చాలలేదు. అక్క పేరు పట్టించడానికి అన్నేళ్ళు తిప్పలు పడ్డ మనిషి, తన పేరు ఎలా ఉంటుందో ఒక్కసారీ వేసి చూసుకోలేదు. బోసిగా ఉంది, నిండుగా కనబడాలి కదా అనుకున్నాను. చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. పక్కనున్న చుక్కని పట్టుకున్నాను.

"లాగకు బాబూ" అన్నారు అక్కయ్యగారు వెనకనుంచి. "లేచొస్తుంది."

నవ్వు వచ్చింది. ఆవిడకీ వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ ఇద్దరం కాసేపు నవ్వాం. చుక్క వదిలేశాను. ఖాళీని ఖాళీగానే ఉంచాను. కాగితం మీద ఒక ప్రింటు తీసి చేతికిచ్చి, సరేనంటే ఫ్లెక్సు మీద వేస్తానన్నాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, పొడుగు చేతులతో తనే షట్టర్‌కి అంటించారు. దాని పక్కన నిలబడి నా వంక చూశారు.

"అడగవా మరి?"

రోడ్డు దాటాను. హోటల్ ముందు ఒకతను నాంపల్లి స్టేషన్లో రైలు దిగి వచ్చినట్టున్నాడు, కాళ్ళ మధ్య సూట్‌కేసు పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, గాడ ఏం రాసుందో జర చదువు. గట్టిగ చదువాలె, ఆ అమ్మకు వినవడాలె."

అతను తలెత్తి చూశాడు. ఆటోల హారన్లు ఆగలేదు. అతను గొంతు పెంచి చదివాడు. ఎవరినో దూరం నుంచి పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. ఇన్నేళ్ళలో టీచరమ్మని ఎవరైనా పేరుతో పిలవగా నేను వినడం అదే మొదటిసారి. నేను అటు తిరిగి చూశాను.

ఎన్నడూ గొంతెత్తి మాట్లాడని అక్కయ్యగారు షట్టర్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు.

"రైట్ రైట్!"